కోడి కాదు నానమ్మా... టర్కీ!

తెలంగాణ పల్లెల్లో చుట్టరికం ఎంత దగ్గరిదో తెలుసుకోవాలంటే వంశవృక్షాలు తిరగేయనక్కర్లేదు. పొయ్యి మీద ఏముందో చూస్తే చాలు. దారిన పోతూ ఆగినవాళ్ళకు కోడిగుడ్డు పులుసు. ఆడబిడ్డ పిల్లలొస్తే గంప కింది కోడి. అల్లుడో, వియ్యంకుడో గడప తొక్కితే మాత్రం యాట! కోస్తాలో దాన్నే వేట అంటారు. గొర్రె కావచ్చు, మేక కావచ్చు... మాట మాత్రం ఒకటే. 'వాళ్ళింటికి పోతే యాట కోసిండ్రు' అని చెప్పుకోవడంలో ఉన్న దర్జా, 'కోడి కోసిండ్రు' అనడంలో ఉండదు.

కోయడంతోనే అయిపోదు. ఎవరికి ఏ ముక్క అన్నది అసలు పరీక్ష. కార్జం పిల్లలకు, తలకాయ ఇంటి పెద్దకు, బోటి ఇష్టపడేవాళ్ళకు, మూలుగ నిండిన నల్లిబొక్క అల్లుడికి. లెక్క తప్పితే అంతే సంగతులు! 2023లో వచ్చిన 'బలగం' సినిమాలో ఇంటి అల్లుడు అలిగింది ఆస్తి దగ్గర కాదు, నల్లిబొక్క దగ్గర. దాంతో రెండిళ్ళ మధ్య ఏళ్ళ తరబడి రాకపోకలే తెగిపోయాయి. సినిమా చూసి నవ్వినవాళ్ళలో చాలామందికి తమ ఇంట్లో జరిగిన అలాంటి గొడవ ఒకటి గుర్తొచ్చే ఉంటుంది.

సరిగ్గా ఆ ఏడాదే, అమెరికాలోని టెక్సాస్‌లో స్థిరపడ్డ ఒక తెలుగింట్లో పెద్ద చిక్కొచ్చి పడింది. వాళ్ళది జగిత్యాల దగ్గర ఊరు. భార్యాభర్తలు అక్కడికెళ్ళి పాతికేళ్ళు దాటింది. ఇరవయ్యారేళ్ళ కొడుకు, తనతో పనిచేసే అమెరికా అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఇంట్లో కాదనలేదు. నవంబరు నాలుగో గురువారం, అంటే థ్యాంక్స్‌గివింగ్ పండగ నాడు, అమ్మాయి తల్లిదండ్రులు భోజనానికి వస్తామన్నారు. కాబోయే వియ్యంకులు... మొదటిసారి... అందులోనూ వాళ్ళ పండగ!

ఆ సమయానికి ఊరి నుంచి డెబ్భై మూడేళ్ళ నానమ్మ కూడా అక్కడే ఉంది. మోకాళ్ళు సరిగ్గా సహకరించవు. మళ్ళీ ఇంతదూరం విమానమెక్కుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు, ఆవిడకు అసలే లేదు. మనవడి పెళ్ళి మాటలు తన కళ్ళముందే జరుగుతున్నాయన్న సంబరంలో ఉంది. విందులో టర్కీ కోడి చేస్తున్నారని తెలిసేదాకా.

"వియ్యపోళ్ళు మొదటిసారి ఇంటికొస్తుంటే కోడి పెడతరా? నలుగురు వింటే నవ్వరా?"

"కోడి కాదు నానమ్మా, టర్కీ" అన్నాడు మనవడు ఫోనులోంచి.

"రెక్కలున్నయా? ఈకలున్నయా? ముక్కుతోని పొడుచుక తింటదా? మరి కోడిగాక ఏంది?"

ఈ తర్కానికి జవాబు చెప్పడం కష్టమే!

నిజానికి ఆ పక్షికి సరైన పేరు పెట్టడం ప్రపంచంలో ఎవరివల్లా కాలేదు. దాని పుట్టిల్లు మెక్సికో. అక్కడివాళ్ళు రెండువేల ఏళ్ళ కిందటే దాన్ని పెంచుకున్నారు. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌వాళ్ళు ఐరోపాకు పట్టుకెళ్ళాక మొదలైంది గందరగోళం. ఇంగ్లీషువాళ్ళు అది టర్కీ దేశపుదనుకున్నారు. టర్కీవాళ్ళేమో దాన్ని 'హిందీ' అంటారు, అంటే మనదేశపుదని! ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరుకూ అర్థం అదే. పోర్చుగీసువాళ్ళు 'పెరూ' అన్నారు. ఎవరికి వారు ఇది మాది కాదు, పక్కవాళ్ళదన్నమాట. మన దగ్గర దాన్ని సీమకోడి అనేవాళ్ళూ ఉన్నారు. సీమచింత, సీమవంకాయల వరసలోనే ఇదీ. ఆ లెక్కన నానమ్మ 'కోడి' అనడంలో తప్పేమీ లేదు.

మనదేశానికీ అది కొత్తదేం కాదు. 1612లో గోవాకు వెళ్ళిన ముకర్రబ్ ఖాన్ అనే ఉద్యోగి తెచ్చిన వింత జంతువుల్లో టర్కీ కోడి కూడా ఉంది. కోపమొచ్చినప్పుడు, ఉత్సాహమొచ్చినప్పుడు దాని తల, మెడ రంగులు మారడం చూసి జహంగీర్ చక్రవర్తి ఆశ్చర్యపోయాడు. తన జ్ఞాపకాల్లో దాన్ని ఊసరవెల్లితో పోల్చాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ గీసిన ఆ పక్షి బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. చక్రవర్తి దాన్ని బొమ్మ గీయించాడు సరే, వండించాడో లేదో!

ఇక అమెరికాలో దాని వైభవం వేరు. ఒక్క థ్యాంక్స్‌గివింగ్‌కే నాలుగున్నర కోట్ల టర్కీలు వంటింటికి చేరతాయని అక్కడి పరిశ్రమ వర్గాలు చెప్పుకుంటాయి. మొదటి పండగగా చెప్పుకునేది 1621లో ప్లిమత్‌లో జరిగిన విందు. విచిత్రమేమిటంటే, దాని గురించి ఎడ్వర్డ్ విన్‌స్లో అదే ఏడాది రాసిన ఉత్తరంలో నలుగురు వేటకెళ్ళి పక్షుల్ని కొట్టుకొచ్చారని ఉంది గానీ టర్కీ పేరు లేదు. విందుకొచ్చిన వాంపనోగ్ తెగవాళ్ళు తొంభైమంది అయిదు జింకల్ని తెచ్చారని మాత్రం స్పష్టంగా ఉంది. అంటే ఆ రోజు మాంసం తెచ్చింది చుట్టాలే! టర్కీని విందుకు పెద్దను చేసింది తర్వాతి తరాలు. సారా జోసెఫా హేల్ అనే రచయిత్రి 1827లో రాసిన 'నార్త్‌వుడ్' నవలలో ఈ పండగ భోజనాన్ని వర్ణిస్తూ కాల్చిన టర్కీని బల్ల మీద ముందువరసలో కూర్చోబెట్టింది. దేశమంతా ఒకేరోజు పండగ చేసుకోవాలని ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసిందీ ఆవిడే. 1863లో లింకన్ ఆ ప్రకటన చేశాడు. నాలుగో గురువారమన్న చట్టం 1941లో వచ్చింది.

టర్కీయే ఎందుకు? ఆవును కోస్తే పాలు పోతాయి, కోడిని కోస్తే గుడ్లు పోతాయి, అదీగాక కోడి నలుగురికి చాలదు. టర్కీ ఒక్కటి కోస్తే పదిమంది కూర్చుని తినొచ్చు. మన యాట కథా అంతే కదా! ఫ్రిజ్‌లు లేని రోజుల్లో కోసింది ఆ పూటకే చెల్లిపోవాలి. దసరాకు నాలుగిళ్ళవాళ్ళు కలిసి ఒక యాటను తెచ్చుకుని, మోదుగాకుల్లో పోగులేసుకుని పంచుకునేది అందుకే. ఒక బల్లకు సరిపడే పక్షి వాళ్ళది, ఒక వాడకు సరిపడే జీవం మనది. వాళ్ళ పండగ ఇంట్లోవాళ్ళంతా ఒకచోట చేరడం, మన పండగ ఇరుగుపొరుగును కలుపుకోవడం అనిపిస్తుంది ఈ తేడా చూస్తే.

టెక్సాస్ ఇంట్లో మాత్రం ఇంత ఆలోచన ఎవరికీ లేదు. పండగ ముందరి శనివారం అత్తాకోడళ్ళిద్దరూ దుకాణానికెళ్ళారు. టర్కీలు గుట్టలుగా ఉన్నాయి, బండరాళ్ళలా గడ్డకట్టి. పౌను రెండు డాలర్ల లోపే. జనాన్ని దుకాణంలోకి రప్పించడానికి పండగ ముందు వాటిని నష్టానికైనా అమ్మే అలవాటు అక్కడుంది. పక్క అరలో గొర్రె తొడ... ధర దానికి నాలుగైదు రెట్లు. చీటీ మీద ఆస్ట్రేలియా అని రాసుంది.

"చూసినవా, ధరలోనే తెలుస్తుంది ఏది గొప్పదో" అంది పెద్దావిడ. నిజమే, ఆ వాదనలో బలముంది.

అయితే ఆ తొడను అటూ ఇటూ తిప్పి చూసి ఆవిడే పెదవి విరిచింది. తెల్లటి కొవ్వు మందంగా పేరుకుని ఉంది. ఊళ్ళో పొట్టేలు మాంసం అలా ఉండదు. మన నెల్లూరు రకం గొర్రెలకు ఒంటిమీద ఉన్ని కాదు, వెంట్రుకలే ఉంటాయి. బక్కపల్చని పొడుగుకాళ్ళవి. ఉన్ని గొర్రెల కొవ్వుకు ఒక ఘాటు వాసనుంటుంది. అమెరికాలోని తెలుగువాళ్ళు చాలామంది లాంబ్‌ను పక్కనపెట్టి మేకమాంసం కోసం హలాల్ దుకాణాలు వెతుక్కుంటూ వెళ్ళేది అందుకే. అక్కడివాళ్ళకూ గొర్రెమాంసం మీద పెద్ద మోజు లేదు. 1942లో ఆ దేశంలో అయిదున్నర కోట్లకు పైగా గొర్రెలుండేవి, ఇప్పుడు అరకోటి మిగిలాయి. తలకు ఏడాదికి అరకిలో గొర్రెమాంసం తింటే ఎక్కువ. అదే టర్కీ ఆరు కిలోలు దాటుతుంది. మన తెలంగాణలోనే, 2019 పశుగణన ప్రకారం, కోటీ తొంభై లక్షల గొర్రెలున్నాయి. దేశంలో మొదటి స్థానం మనదే, రెండోది ఆంధ్రప్రదేశ్‌ది. నానమ్మ పట్టుదల వెనక ఇంత పెద్ద మంద ఉందన్నమాట!

మనవడు మళ్ళీ ఫోను చేశాడు. "అమ్మా, వాళ్ళ నాన్నకు లాంబ్ పడదు. ఎప్పుడో ఒకసారి తిన్నాడట, ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేదట."

"ఎట్లొండిండ్రో! అల్లం వెల్లిగడ్డ లేకుంట ఉత్తగ కాలిస్తే వాసన రాక ఏమొస్తది? నన్నొండనీయ్, బొక్కలు గూడ నాకుతడు."

ఎటూ తేల్చుకోలేక నలిగిపోయింది కోడలు. రెండూ వండేస్తే గొడవ తీరుతుందిగా అని భర్త సులువుగా తేల్చేశాడు. ఈ సలహాకు ఆవిడకన్నా ముందు అత్తే ఒప్పుకోలేదు. "రెండు పెడితే దేంతోని మర్యాద చేసినట్టు? ఏది మనది? ఏది వాళ్ళది? పెట్టేది ఒకటే పెట్టాలె, మంచిగ పెట్టాలె" అంది. మొండిగా ఉన్నా మాట మాత్రం సూటిగా ఉంది.

కోడలి మనసులో ఇంకొకటి మెదులుతోంది. 2004లో కొడుకు రెండో తరగతి. పండగ ముందు అక్కడి బడుల్లో పిల్లలు కాగితం మీద అరచెయ్యి పెట్టి చుట్టూ గీత గీస్తారు. నాలుగువేళ్ళు ఈకలవుతాయి, బొటనవేలు తల అవుతుంది. టర్కీ బొమ్మ తయారు! వాడు ఆ బొమ్మ తెచ్చి ఫ్రిజ్‌కు అంటించి, "మనింట్లో ఎప్పుడు చేస్తావమ్మా?" అన్నాడు. ఆ ఏడు కోడికూర, బగారన్నం చేసింది. మరుసటేడూ అంతే. అంత పెద్ద పక్షిని ఎలా వండాలో తెలీదు, అడగడానికి మొహమాటం. వాడు మూడో ఏడు అడగడం మానేశాడు. సోమవారం బడిలో పిల్లలంతా పండగ కబుర్లు చెప్పుకుంటుంటే వాడేం చెప్పాడో ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

ఆదివారం పొద్దున పద్నాలుగు పౌన్ల టర్కీ ఇంటికొచ్చింది. నానమ్మ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే బరువు. రెండు రోజులు పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుని, పంటినొప్పి అంది.

టర్కీ వండటం ఆషామాషీ కాదు. గడ్డకట్టినదాన్ని ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి. నాలుగైదు పౌన్లకు ఒక రోజు చొప్పున, అంటే మూడు రోజుల పైమాటే. బయటపెట్టి కరిగిస్తే పైన పాడవుతుంది, లోపల రాయిలాగే ఉంటుంది. ఇక కాల్చేటప్పుడు ఇంకో తిరకాసు. రొమ్ముభాగం తొందరగా ఉడుకుతుంది, తొడలు ఆలస్యంగా ఉడుకుతాయి. తొడల కోసం ఆగితే రొమ్ము పీచులా ఎండిపోతుంది. 325 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి మీద మూడున్నర గంటలు పట్టే యవ్వారం. లోపల 165 డిగ్రీలు చేరిందని థర్మామీటరు గుచ్చి చూస్తే గానీ బయటికి తీయకూడదు.

బుధవారం రాత్రి కోడలు పెరుగు, అల్లం వెల్లుల్లి, కొంచెం గరంమసాలా కలిపి పక్షి పైన పూస్తుంటే, వంటింటి గుమ్మంలో కర్ర చప్పుడైంది.

"పైన పూస్తే లోపలికి పోతదా?"

"గాట్లు పెడితే రసమంతా కారిపోతుందట అత్తమ్మా."

"గాట్లెందుకు? తోలు కింద చెయ్యి పోనియ్యి."

కుర్చీ లాక్కుని కూర్చుంది. తోలు చిరక్కుండా వేళ్ళు మెల్లగా లోపలికి జొనిపి, మసాలా తొడల దాకా నెట్టింది. అమెరికా వంటలవాళ్ళు వెన్నను పెట్టేదీ సరిగ్గా అలాగే. కోడలు ఆ సంగతి చెప్పలేదు. చెబితే ఆ కుర్చీ ఖాళీ అయ్యేదేమో! కారం దగ్గర మాత్రం ఇద్దరికీ మళ్ళీ పేచీ వచ్చింది. చెంచా దగ్గర ఆగిపోయేసరికి, "ఉప్పుకు తోడు గూడ గాదు" అని గొణిగింది పెద్దావిడ.

గురువారం మధ్యాహ్నం వియ్యంకులు గుమ్మడికాయ పై పట్టుకుని వచ్చారు. తొమ్మిదిమంది బల్ల చుట్టూ కూర్చున్నారు. ఎర్రగా కాలిన టర్కీని మధ్యలో పెట్టారు. అక్కడి పద్ధతిలో దాన్ని కోసి వడ్డించేది ఇంటి పెద్ద. ఈ ఇంటాయన పాతికేళ్ళుగా కంప్యూటర్లతో కుస్తీపట్టాడు గానీ, టర్కీ మీద కత్తి పెట్టింది లేదు. కొడుకు సైగ చేశాడు. ఆయన లేచి, కత్తిని రెండు చేతులతో వియ్యంకుడికి అందించాడు. ఆయన ముఖం విప్పారింది. తమ ఇంట్లో కాకపోయినా తమ పండగలో పెద్దరికం దక్కింది మరి!

వియ్యంకుడు ముందు తొడలు విడదీశాడు. రొమ్ము భాగాన్ని పల్చగా చెక్కాడు. అందరికీ వడ్డిస్తారని చూస్తుంటే, పక్షిని వెనక్కి తిప్పాడు. తొడ కీలుకు పైన, వెన్ను పక్కన ఎముకలో చిన్న గుంటలుంటాయి. వాటిలో అటొకటి, ఇటొకటి రూపాయి బిళ్ళంత మెత్తటి ముక్కలు. వంటవాళ్ళు వాటిని 'ఆయిస్టర్' అంటారు. మొత్తం పక్షిలో రసం నిండిన భాగం అదే, ఉండేవీ రెండే. వాటిని వేలితో జాగ్రత్తగా తీసి, లేచి వెళ్ళి నానమ్మ కంచంలో పెట్టాడు. ఏదో చెప్పాడు. మనవడు తెలుగులో చెప్పాడు: "ఇది అందరికీ పెట్టరట నానమ్మా. వాళ్ళమ్మ బతికున్నప్పుడు ఆవిడకే పెట్టేవాడట."

ఆవిడ కంచంలోకి చూసింది. వియ్యంకుడి వైపు చూసింది.

"నల్లిబొక్క!" అంది.

దీన్ని తర్జుమా చెయ్యడానికి మనవడికి పావుగంట పట్టింది. యాట, పోగులు, అలిగిన అల్లుడు... సినిమా కథంతా చెప్పాల్సొచ్చింది. అమ్మాయి తల్లి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. తమ చుట్టాల్లోనూ టర్కీ కాలి కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇల్లొకటి ఉందని చెప్పింది.

నానమ్మ రెండో ముక్కను తను తినలేదు. కాబోయే మనవరాలి కంచంలో వేసింది. రొమ్ము ముక్క మాత్రం ఆవిడ పళ్ళకు లొంగలేదు. గ్రేవీలో నానబెట్టుకుని తింది. ఎలా ఉందని కొడుకు అడిగితే, "కోడికంటె మొరటు, యాటకంటె సప్పన. తినొచ్చు" అని తీర్పిచ్చింది. థర్మామీటరు పెట్టినా రొమ్ము కొంచెం ఎండిన మాట నిజమే.

మరునాడు పొద్దున ఇల్లంతా మిరియాల వాసన. మిగిలిన టర్కీ బొక్కల్ని పెద్ద గిన్నెలో వేసి, అల్లం, మిరియాలు దంచిపోసి, పాయలా రెండు గంటలు మరిగించింది పెద్దావిడ. మాంసాన్ని పీకి కోడలు బిర్యానీలో కలిపింది. పంటినొప్పి సంగతి ఎవరూ ఎత్తలేదు.

శనివారం వియ్యపురాలు ఫోను చేసింది. పెళ్ళి భోజనం గురించి, భారతీయ పద్ధతిలో ఏం పెడితే బాగుంటుందని అడిగింది. ఫోను పెట్టేలోపే నానమ్మ లెక్కలు మొదలుపెట్టింది. రెండొందల మందికి ఎన్ని యాటలు, యాటకు ఎన్ని కిలోలు దిగుతుంది, బగారన్నానికి ఎన్ని బియ్యం... కేలండరు వెనక మనవడు రాసుకుంటున్నాడు. పొట్టేలు మాంసమే కావాలి, మేక వద్దు, ఆస్ట్రేలియాది అసలే వద్దు. వియ్యంకుడి కంచంలో నల్లిబొక్క తనే స్వయంగా వేస్తుంది.

"ఇక్కడ యాటల్ని మనం కొయ్యం నానమ్మా. ముక్కలు కొట్టి డబ్బాల్లో పంపిస్తారు" అన్నాడు మనవడు.

ఆవిడ కాసేపు ఆలోచించింది.

"మరి తలకాయలు ఎవలు తింటున్నరు?"